గాయ్‌తోండే బొమ్మల్లో అసలేముంది? తెలిసినవాళ్ళు చెప్పండి

బల్లార్పూర్_రాజన్న

మాది మహారాష్ట్రలోని బల్లార్పూర్. మా నాన్న మంథని వైపు నుంచి బొగ్గుబాయి పనికి ఇక్కడికి వచ్చాడు. నేనూ బాయిలోనే. మా పెద్దమ్మాయి నాగపూర్‌లో బీఎఫ్ఏ పెయింటింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచి చేయి మంచిది. బడిలో ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ పరీక్షలు రెండింట్లోనూ ఏ గ్రేడ్. మా అమ్మ బొమ్మను పెన్సిల్‌తో వేస్తే అందరూ ఫోటో అనుకున్నారు. అమ్మ పోయాక ఆ బొమ్మకే ఫ్రేము కట్టించి దండ వేశాం.

ఆర్నెల్ల కింద కాలేజీ పిల్లలతో ముంబై వెళ్ళి, ఒక మ్యూజియంలో వాసుదేవ్ గాయ్‌తోండే అనే ఆయన బొమ్మ చూసిందట. అప్పటి నుంచి మనుషుల్ని వేయడం మానేసింది. పోయిన వారం గదికి వెళ్తే నా ఎత్తు కాన్వాసు గోడకు ఆనించి ఉంది. అంతా పసుపు. అక్కడక్కడ ఏదో వేసి తుడిచేసినట్టు మరకలు. "రెండు నెలలైంది నాన్నా, ఇంకా అవలేదు" అంది. నేనేమీ అనలేదు. తిరుగు బండిలో మాత్రం ఊరొచ్చే దాకా టెన్షనే.

ఫీజుకు అప్పు చేశాను, దాని గురించి బాధ లేదు. కానీ ముఖం చూసి ముఖం వేయగల పిల్ల ఇలా ఎందుకైంది? ఈ గాయ్‌తోండే ఎవరు, ఎలా బతికాడు, అలా ఎందుకు వేశాడు? తిట్టకుండా, మెచ్చుకోలు మాటలు కాకుండా, నాకు అర్థమయ్యేలా చెప్పండి.

చాందా_కిరణ్

అన్నా, ఆయన 1970లో వేసిన బొమ్మ ఒకటి 2025 సెప్టెంబర్ వేలంలో 67.08 కోట్లకు పోయింది. అంతకుముందు 2022లో ఇంకోటి 42 కోట్లు. నువ్వు భయపడాల్సిందేం లేదు, ఆ పసుపు కాన్వాసును జాగ్రత్తగా దాచిపెట్టు.

సిరొంచ_సుజాత

కిరణ్, ఆ కోట్లలో ఒక్క రూపాయి కూడా ఆయనకు అందలేదు. ఆయన 2001లో పోయారు. వేలాల్లో ధర పెరిగింది తర్వాత. రాజన్న గారు అడిగింది ధర గురించి కాదు, మనిషి గురించి.

చాందా_కిరణ్

అక్కా, ధర లేకపోతే మనం ఈ పేరే వినేవాళ్ళం కాదు కదా. నేను అడిగేది కూడా అదే. రంగు పూసిన గుడ్డకు అంత ధర ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? నాకైతే డబ్బున్నవాళ్ళ ఆటలా కనిపిస్తోంది.

రాజురా_డ్రాయింగ్_సార్

ధర సంగతి తర్వాత చూద్దాం. ముందు మనిషిని చూద్దాం. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలను గ్రేడ్ పరీక్షలకు తయారు చేస్తున్నాను, రాజన్న లాంటి నాన్నలు ప్రతి ఏడూ వస్తారు. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదవండి.

గాయ్‌తోండే పుట్టింది మన నాగపూర్‌లోనే, 1924లో. అమ్మానాన్నలు గోవా వాళ్ళు. పెరిగింది ముంబై గిర్గావ్‌లో ఒక చాల్‌లో, అంటే ఒక్క గది ఇళ్ళు వరసగా, అందరికీ ఒకే వరండా. జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి 1948లో డిప్లొమా తీసుకున్నాడు. అక్కడ మనుషుల్ని వేయడం, పాత భారతీయ చిత్రాలు చూసి నేర్చుకోవడం అన్నీ చేశాడు. ఆయన మొదటి బొమ్మల్లో మనుషులున్నారు రాజన్నా. జమ్మూ కొండల బసోలీ చిత్రాల్లో, పాత జైన పుస్తకాల బొమ్మల్లో ఉండే ఎరుపు, పసుపు, ఆ చదునైన రంగు ముద్దలు కనిపిస్తాయి. చేయి రాక మనుషుల్ని వదిలేసినవాడు కాదు.

1947లో సూజా, రజా, హుసేన్, ఆరా, గాడే, బాక్రే అనే కళాకారులు కలిసి ముంబైలో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టారు. మూడేళ్ళ తర్వాత గాయ్‌తోండే కూడా అందులో చేరాడు. ఆ రోజుల్లోనే పాల్ క్లే అనే స్విస్ చిత్రకారుడి పని ఆయన్ని బాగా పట్టుకుంది. క్లే బొమ్మల్లో గీత ఒక వస్తువును చూపించడానికే ఉండదు, తన దారిన తాను నడుస్తుంది. గాయ్‌తోండే బొమ్మల్లో మనుషులు ముందు గీతలయ్యారు, ఆ గీతలు గుర్తులయ్యాయి, చివరికి గుర్తులు కూడా రంగులో కరిగిపోయాయి. దీనికి పది పన్నెండేళ్ళు పట్టింది. ఒక పొద్దున లేచి పసుపు పూయలేదు.

1957లో టోక్యోలో ఆసియా యువ చిత్రకారుల ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. 1964లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద న్యూయార్క్ వెళ్ళాడు. 1971లో పద్మశ్రీ. 1972లో ముంబై వదిలి ఢిల్లీ నిజాముద్దీన్ ఈస్ట్‌కు మారాడు, అక్కడ ఒక్కడే ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఏడాదికి ఐదారు బొమ్మలకు మించి వేసేవాడు కాదు. మిగతా కాలమంతా చూడడం, చదవడం, సంగీతం వినడం.

మీ అమ్మాయి రెండు నెలలు అంటే మీకు ఎక్కువ అనిపించింది. ఆయన లెక్కలో అది మామూలే.

బల్లార్పూర్_రాజన్న

సార్, ఏడాదికి ఐదే అంటే మిగతా రోజులు ఇల్లెలా గడిచింది?

రాజురా_డ్రాయింగ్_సార్

కష్టంగానే. తక్కువ అవసరాలతో బతికాడు. ఇది మీ దగ్గర దాచను.

పట్టణం_సమ్మయ్య_పెయింటర్

నేను చదువుకున్నవాడిని కాదు. నలభై ఏళ్ళుగా చంద్రపూర్‌లో గోడలు, షాపు బోర్డులు, లారీల వెనక బొమ్మలు రాశాను. ఫ్లెక్సీ వచ్చాక బోర్డుల పని పోయింది, ఇప్పుడు ఇళ్ళకు రంగులే. ఢిల్లీలో జాతీయ ఆధునిక చిత్రకళా మ్యూజియంలో గాయ్‌తోండే బొమ్మ నా కళ్ళతో చూశాను. అప్పుడు మా తమ్ముడి కొడుకు ఉద్యోగం పని మీద వెళ్ళాం, ఒక పూట ఖాళీ దొరికింది.

కిరణ్ బాబూ, ఫోనులో చూస్తే అది రంగు పూసిన గుడ్డే. ఎదురుగా నిలబడితే కాదు. నా పని కాబట్టి నేను ముందు కోటింగులు లెక్కపెట్టాను. అడుగున ఒక రంగు, దాని మీద పల్చగా ఇంకోటి, ఆ పైన ఇంకోటి. మనం గోడకు లప్పం పెట్టి, ఆరనిచ్చి, ఎమరీ కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి, ఫస్ట్ కోట్, సెకండ్ కోట్ వేస్తాం కదా. మన పనిలో కింది కోటు కనిపించకూడదు. ఆయన పనిలో కింది కోటే పైకి వెలుగిస్తుంది. కొన్ని చోట్ల రేకుతో గీకేశాడు. కొన్ని చోట్ల రోలర్ తిప్పాడు. బ్రష్ గీత ఎక్కడా దొరకలేదు నాకు, వెతికాను.

ఎవరైనా వేయొచ్చు అనేవాళ్ళకు ఒక మాట. ఒక మీటరు గోడ తీసుకుని, ఎక్కడా అతుకు కనిపించకుండా ఒక మూల ముదురు, ఒక మూల లేత, మధ్యలో ఎక్కడ మారిందో తెలియకుండా రంగు వేసి చూడండి. నా దగ్గర పదిహేనేళ్ళు పనిచేసిన కుర్రాళ్ళకు కూడా అది రాదు.

కిన్వట్_వెంకట్

సమ్మయ్య బాబాయ్ చెప్పినట్టు ఇంతవరకు ఎవరూ నాకు చెప్పలేదు. ఒక చిన్న సందేహం. రోలర్ అంటే గోడ రోలరేనా?

పట్టణం_సమ్మయ్య_పెయింటర్

బొచ్చు రోలర్ అయితే చుక్కలు చుక్కలు పడుతుంది వెంకట్. అక్కడ అలా లేదు. గట్టి రోలర్ లాగే అనిపించింది నాకు.

మిల్లు_రిటైర్డ్_గంగాధర్

సమ్మయ్య చూసింది సగమే. ఇంకో సగం కాగితం పని. ఆయన వార్తాపత్రికల, మ్యాగజైన్ల పేజీలు చింపి, రంగు పట్టించి, కాన్వాసు మీద పరిచి, మళ్ళీ లేపేవాడు. కాగితం లేచాక కింద ఉండిపోయే అచ్చు ఉంటుందే, అదే ఆ "తుడిచేసినట్టున్న మరక".

నేను ముప్పై మూడేళ్ళు కాగితం మిల్లులో చేశాను, ఈ సంగతి నాకు ఇష్టమైనది. న్యూస్‌ప్రింట్‌కు సైజింగ్ ఉండదు, అంటే తడి పీల్చకుండా ఆపే పూత ఉండదు. నూనెను వెంటనే తాగేస్తుంది. మ్యాగజైన్ పేజీకి పైపూత ఉంటుంది, అది తక్కువ తాగి ఎక్కువ వదులుతుంది. ఒకే రంగు, రెండు కాగితాలు, రెండు రకాల అచ్చులు. చింపిన అంచు మీద పోగులు లేచి ఉంటాయి కాబట్టి అచ్చు అంచు మెత్తగా వస్తుంది. కత్తెరతో కోసినది అలా రాదు. రాజన్నా, మీ అమ్మాయిని అడుగు, ఏ కాగితం వాడుతోందో.

పట్టణం_సమ్మయ్య_పెయింటర్

గంగాధర్ గారూ, కాగితం అచ్చు ఒప్పుకుంటాను. కానీ నేను చూసిన దాంట్లో రేకు గీత స్పష్టంగా ఉంది. కాగితం అలా గీత వదలదు.

మిల్లు_రిటైర్డ్_గంగాధర్

రెండూ వాడాడు. ప్యాలెట్ నైఫ్, అంటే రంగు కలిపే రేకు కత్తి, ఆయనకు బ్రష్ లాంటిదే. నేను కాదనలేదు.

చాందా_కిరణ్

సరే, పనితనం ఉంది, ఒప్పుకున్నాను. నా ప్రశ్న ఇంకా ఉంది. పనితనం ఉన్న ప్రతిదానికీ అర్థం ఉండాలా వద్దా? బొమ్మకు పేరు కూడా పెట్టలేదట. పేరు లేదు, మనిషి లేదు, చెట్టు లేదు. చూసేవాడు ఏం తీసుకుపోవాలి?

సిరొంచ_సుజాత

కిరణ్, నువ్వు పాట వింటే ఆలాపనలో ఏ అర్థం తీసుకుపోతావు?

నా సొంత సంగతి చెప్తాను. నాలుగేళ్ళ కింద మా ఆయన పోయిన సంవత్సరం, తమ్ముడు నన్ను మార్పు కోసం ముంబై తీసుకెళ్ళాడు. మ్యూజియంలో అందరూ ముందుకు పోతున్నారు, నేను ఒక బూడిద రంగు కాన్వాసు ముందు ఆగిపోయాను. అది గాయ్‌తోండేది అని తర్వాత తెలిసింది. మా ఊరి దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. వానాకాలం తెల్లవారుజామున గట్టు మీద నిలబడితే నీళ్ళు ఏవో, పొగమంచు ఏదో, అవతలి ఒడ్డు ఏదో తెలియదు. ఆ బొమ్మ నదిదని ఎవరూ అనలేదు, నేనూ అనను. కానీ ఆ గట్టు మీద నిలబడినప్పుడు ఉండే నిశ్శబ్దమే అక్కడ ఉంది. ఏడుపు రాలేదు. చాలా రోజుల తర్వాత ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది. అంతే నేను తీసుకొచ్చుకున్నది.

చాందా_కిరణ్

అక్కా, దీనికి నేను ఏం అనలేను. క్షమించు, తొందరపడి రాశాను.

సిరొంచ_సుజాత

అలా అనకు. నువ్వు అడిగింది సరైన ప్రశ్నే, అడుగుతూనే ఉండు.

పాతపుస్తకాల_శివ

ఆయన్ని మన దేశంలో ఈ రకం, అంటే వస్తువు కనిపించని అమూర్త చిత్రకళకు ఆద్యుల్లో ఒకరని అంటారు, నిజమే. కానీ ప్రపంచం సంగతి కూడా కొంచెం తెలిస్తే మంచిది. చాలాకాలం కాండిన్‌స్కీయే మొదటివాడు అనేవారు. ఆయన రష్యాలో లా చదివి, ముప్పై ఏళ్ళ వయసులో ఆ ఉద్యోగం వదిలి బొమ్మలు నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్ళాడు. కానీ స్వీడన్‌లో హిల్మా ఆఫ్ క్లింట్ అనే ఆవిడ 1906లోనే అలాంటివి మొదలుపెట్టింది. 1915 దాకా 193 బొమ్మలు ఒక వరసగా వేసింది, అందులో కొన్ని మూడు మీటర్లు దాటిన ఎత్తు. తాను పోయిన ఇరవై ఏళ్ళ దాకా వాటిని బయటపెట్టొద్దని చెప్పింది. 1944లో పోయింది. ఆవిడ పెద్ద ప్రదర్శన 2018లో న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియంలో జరిగితే ఆరు లక్షల మందికి పైగా చూశారు. గాయ్‌తోండే ప్రదర్శన అదే మ్యూజియంలో 2014లో జరిగింది.

రాజన్న గారూ, మీ అమ్మాయి పట్టుకున్నది ఇవాళ పుట్టిన ఫ్యాషన్ కాదు. నూరేళ్ళ పైబడిన దారి.

ముల్_మండల్_శారద

మరి మన రజా? ఆయన మండ్లా జిల్లా అడవుల్లో పుట్టాడు, 1922లో. నాగపూర్‌లోనే చిత్రకళ చదివాడు. చిన్నప్పుడు ధ్యాస నిలవకపోతే బళ్ళో మాస్టారు గోడ మీద ఒక చుక్క పెట్టి దాన్నే చూడమన్నాడట. అరవై ఏళ్ళకు దగ్గరవుతుండగా ఆ చుక్కే బిందువై ఆయన బొమ్మల్లోకి వచ్చింది. అరవై ఏళ్ళు ఫ్రాన్స్‌లో ఉండి 2010లో తిరిగొచ్చాడు, 2016లో పోతే మండ్లాలోనే ఖననం చేశారు. నాకు గాయ్‌తోండే కంటే రజానే దగ్గర. బిందువు అంటే పట్టుకోవడానికి ఏదో ఉంటుంది.

రాజురా_డ్రాయింగ్_సార్

శారద గారూ, తేడా సరిగ్గా అక్కడే ఉంది. రజా మీకు చుక్క ఇస్తాడు, పేరు ఇస్తాడు. గాయ్‌తోండే అది కూడా తీసేస్తాడు. తన పనిని ఆబ్‌స్ట్రాక్ట్ (అమూర్త) చిత్రం అనడం కూడా ఆయనకు ఇష్టం లేదు, వస్తువు లేని చిత్రం అనేవాడు. ఆబ్‌స్ట్రాక్ట్ అనే ఇంగ్లీషు మాటకు ఏదో ఒక దాని నుంచి తీసినది అని అర్థం వస్తుంది కదా. నేను దేని నుంచీ తీయలేదు అని ఆయన పట్టు. నాకు ఇద్దరూ కావాలి, కానీ రాత్రి ఒంటరిగా కూర్చుని తలుచుకునేది గాయ్‌తోండేనే.

విదర్భ మట్టిలో ఇంకొకరు కూడా ఉన్నారు. అకోలాలో పుట్టిన అంబాదాస్. ఆయనా ఈ దారివాడే, నార్వేకు వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. మన పిల్లలకు పాఠాల్లో ఈ పేర్లు చెప్పకపోవడం నాకు నిజంగా బాధ.

కిన్వట్_వెంకట్

ఒక సంగతి కలుపుతాను. గాయ్‌తోండే జెన్ (జపాన్ బౌద్ధ ధ్యాన మార్గం) పుస్తకాలతో పాటు రమణ మహర్షిని, జిడ్డు కృష్ణమూర్తిని బాగా చదివేవారు. కృష్ణమూర్తి మన మదనపల్లెలో పుట్టినవాడే. "చూసేవాడు, చూడబడేది" అని కృష్ణమూర్తి మాట్లాడేదంతా తలలో పెట్టుకుని ఆ బొమ్మ చూస్తే నాకు కొంచెం దారి దొరికింది.

రోలర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకరు గుర్తొచ్చారు. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి, పారిస్‌లో అచ్చు బొమ్మల పని చేశారు. ఒకే లోహపు పలక మీద పల్చటి సిరా, చిక్కటి సిరా, మెత్తటి రోలర్, గట్టి రోలర్ వాడి అన్ని రంగులూ ఒకేసారి అచ్చు తీసే పద్ధతిని పెంచారు. నూనె ఎక్కువున్న సిరా తక్కువున్న దాన్ని తోసేస్తుంది, అందుకే కలవవు. గాయ్‌తోండే కంటే ఒక ఏడాది చిన్న. ఇద్దరూ రోలర్ పట్టుకున్నారు, ఇద్దరి బొమ్మలకూ పోలికే లేదు.

మిల్లు_రిటైర్డ్_గంగాధర్

వెంకట్, ఇది నేను వినలేదు. రెండు రోజులు నాకు ఇదే పని ఇక.

ఏటీడీ_లావణ్య

చేదు మాట నేను చెప్తాను, ఎవరూ చెప్పడం లేదు. నేను ఏడేళ్ళ కింద ఇదే చదువు చదివాను. మా నాన్న బల్లార్షా స్టేషన్ దగ్గర టీ కొట్టు. నేనూ అమూర్తంలో పడ్డాను, చాలా సంతోషంగా వేశాను. బయటికొచ్చాక రెండేళ్ళు ఒక్క బొమ్మ అమ్ముడుపోలేదు. ఒక గ్యాలరీ నా ఆరు కాన్వాసులు తీసుకుని ఏడాదిన్నర తిప్పి, రెండు చిరిగిపోయి తిరిగిచ్చింది. తర్వాత ఏటీడీ (డ్రాయింగ్ టీచర్ల డిప్లొమా) చేసి ఇప్పుడు బడిలో డ్రాయింగ్ చెప్తున్నాను. స్టేషన్ గోడల మీద తాడోబా పులులు, అడవి బొమ్మలు వేసి 2018లో మన బల్లార్షా, చంద్రపూర్ స్టేషన్లకు అందం పోటీలో బహుమతి వచ్చింది కదా, అలాంటి గోడ పనులు దొరికినప్పుడు నేనూ చేస్తాను. వాటితో ఇల్లు గడిచింది.

రాజన్న అంకుల్, ఆమెను ఆపొద్దు. కానీ మనుషుల్ని వేయడం పూర్తిగా మానేయొద్దని చెప్పండి. చేతిలో రెండూ ఉంచుకోమనండి. గాయ్‌తోండేకు పెళ్ళాం పిల్లలు లేరు, ఐదు బొమ్మలతో ఏడాది గడపగలిగాడు. మన ఇళ్ళ ఆడపిల్లకు అంత ఖాళీ ఎవరిస్తారు?

సిరొంచ_సుజాత

లావణ్యా, చివరి మాట చాలా నిజం. కానీ ఖాళీ ఎవరూ ఇవ్వరని ముందే పిల్లతో చెప్పేస్తే, ఆమె అడగడం కూడా మానేస్తుంది.

ఏటీడీ_లావణ్య

అడగాలి అక్కా. నేను అడగలేదు, అందుకే చెప్తున్నా.

రాజురా_డ్రాయింగ్_సార్

లావణ్యతో సగం ఏకీభవిస్తాను. రెండు చేతులూ ఉంచుకోమనడం మంచి సలహా. అయితే ఆ పిల్లను ఈ ఏడాది కాన్వాసు పూర్తి చేయనివ్వండి. మధ్యలో లాగితే రెండూ పోతాయి.

బల్లార్పూర్_రాజన్న

అందరివీ రెండేసి సార్లు చదివాను. ఒక మాట అడగాలి. ఈ దారిలో పోయి మనిషి ఎప్పుడైనా దెబ్బతింటే ఏం మిగులుతుంది? నాకు బాయిలో ఒకసారి భుజం మీద బండ పడింది, మూడు నెలలు చేయి లేవలేదు. అప్పటి నుంచి నాకు చేతి మీద ఆధారపడే పని అంటే భయం.

రాజురా_డ్రాయింగ్_సార్

రాజన్నా, ఇది ఆయనకు జరిగింది. 1984లో ఢిల్లీలో ఆటో ప్రమాదంలో చాలా తీవ్రంగా గాయపడ్డాడు. అప్పటికి అరవై దగ్గర. పెద్ద కాన్వాసు ముందు నిలబడి రోలర్ తిప్పే ఒళ్ళు కాదిక. కొన్నేళ్ళు కాన్వాసు ముట్టలేదు.

మరి ఏం చేశాడు? కాగితం తీసుకున్నాడు. చిన్న కాగితాల మీద నల్ల సిరా. రంగు లేదు, పొరలు లేవు. మన ఎవరికీ తెలియని లిపిలో ఏదో రాసినట్టు గుర్తులు. నేను పుస్తకంలో చూశాను, ఒక్కో కాగితం మీద నాలుగైదు గీతలకు మించి లేవు కొన్నిట్లో. ఏళ్ళ తరబడి పొర మీద పొర వేసినవాడు, ఒళ్ళు సహకరించనప్పుడు ఒక్క పొరకు వచ్చాడు. ఆ ఒక్క పొరలో కూడా అదే మనిషి కనిపిస్తాడు. నా వరకు ఆయన జీవితంలో అన్నిటికంటే గొప్ప భాగం ఇదే, కోట్లు పలికిన పెద్ద కాన్వాసులు కావు.

తర్వాత మళ్ళీ కాన్వాసుకు వచ్చాడు. 1995లో వేసినది ఒకటి 2015లో 29.3 కోట్లకు పోయింది, కిరణ్ కోసం ఈ అంకె రాస్తున్నాను. దెబ్బ తర్వాత వేసిన బొమ్మ అది.

చాందా_కిరణ్

సార్, ఈసారి అంకె కంటే ముందున్న మాటే నాకు పట్టింది. ఆ సిరా బొమ్మలు వెతికి చూశాను. చాలాసేపు చూశాను.

ముల్_మండల్_శారద

నేనూ చూశాను. మా అమ్మ చివరి రోజుల్లో వాకిట్లో పెద్ద ముగ్గు వేయలేక, గడప దగ్గర నాలుగు చుక్కలు పెట్టి రెండు గీతలు కలిపేది. అలా అనిపించింది. రజా విషయంలో నా మాట మార్చుకోను, కానీ ఇది నాకు అందింది.

పట్టణం_సమ్మయ్య_పెయింటర్

రాజన్నా, నేను పెయింటర్‌గా ఒకటి అడుగుతా. పిల్ల ఆ గదిలోనే పడుకుంటోందా? కిటికీ ఉందా? నూనె రంగు, టర్పెంటైన్ వాసన రెండు నెలలు మూసిన గదిలో పీలిస్తే తలనొప్పి, కళ్ళు తిరగడం. గాలి సంగతి బాయిలో పనిచేసేవాడికి నేను చెప్పక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూలన పడేయకూడదు. ఆరేటప్పుడు వాటిలో వేడి పుడుతుంది, వాటంతటవే అంటుకుంటాయి. మన బొగ్గు కుప్పలు లోపల రాజుకుంటాయి కదా, సరిగ్గా అలాగే. గుడ్డలను విప్పి బయట తీగ మీద ఆరేయమను, లేదా నీళ్ళున్న మూత డబ్బాలో వేయమను.

నూనె రంగు ఒక పొర ఆరడానికి రోజులు పడుతుంది, మందంగా ఉంటే వారాలు. పది పొరలంటే లెక్క వేసుకో. రెండు నెలలు ఆలస్యం కాదు. ఆరకముందే పైన వేస్తే పగులుతుంది.

బల్లార్పూర్_రాజన్న

సమ్మయ్యన్నా, గుడ్డల సంగతి చదవగానే రాత్రే ఫోన్ చేశాను. మంచం కింద బకెట్లో ఉన్నాయట. అప్పుడే బయట వేయించాను. నీ ఋణం తీరదు.

కిన్వట్_వెంకట్

ఈ ఒక్క పోస్టును అన్ని చిత్రకళ కాలేజీల గోడల మీద అంటించాలి.

బల్లార్పూర్_రాజన్న

పది రోజుల తర్వాత రాస్తున్నాను. ఆదివారం వీక్లీ ఆఫ్ తీసుకుని పొద్దున బండికి నాగపూర్ వెళ్ళాను. కిటికీ తెరిచి ఉంది, గుడ్డలు తీగ మీద ఉన్నాయి. మీరు చెప్పినవన్నీ అడిగాను. న్యూస్‌ప్రింటే వాడుతోంది గంగాధర్ సార్, మరాఠీ పేపర్. మ్యాగజైన్ పేజీ సంగతి చెప్తే నోట్‌బుక్కులో రాసుకుంది.

ట్యూబ్‌లైటు తీసేసి, నన్ను నేల మీద కూర్చోబెట్టి, ఏమీ మాట్లాడొద్దు నాన్నా అంది. నాలుగు గంటలప్పుడు. పావుగంట చూశాను. పసుపు కింద మట్టి రంగు ఉంది, దాని కింద ఏదో నలుపు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను నలుపు చూడనే లేదు.

నాకు ఒకటి గుర్తొచ్చి చెప్పాను. షిఫ్టు అయ్యాక ఇంక్లైన్ (బాయిలోకి దిగే వాలు సొరంగం) ఎక్కి వస్తుంటే, బాయి నోరు ఇంకా చాలా దూరంలో ఉండగా వెలుగు మొదట కనిపిస్తుంది. ఆకాశం కనిపించదు, చెట్టు కనిపించదు, ఆకారం ఏదీ ఉండదు. తేమలో, దుమ్ములో పసుపుగా ఉంటుంది అంతే. క్యాప్ ల్యాంపు ఆర్పేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఇరవై మూడేళ్ళుగా రోజూ చూస్తున్నాను, ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఎవరు అడుగుతారు.

పిల్ల చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ల్యాంపు ఆర్పాక ఎంతసేపటికి కళ్ళు అలవాటు పడతాయి, అంచులు ముందు కనిపిస్తాయా మధ్య ముందు కనిపిస్తుందా అని ఒకటే ప్రశ్నలు. బాయిలోకి తీసుకుపోలేను కదా, అందుకని నోట్‌బుక్కు వెనక పేజీలో నాకు వచ్చినట్టు గీసి చూపించాను. ఆ పేజీ చింపి గోడకు పిన్ను కొట్టింది.

లావణ్యమ్మా, నీ మాట కూడా చెప్పాను. సెలవుల్లో మా ఆవిడ బొమ్మ ఒకటి వేస్తానంది. ముఖాలు మానలేదట, పక్కన పెట్టిందట.

అప్పు సంగతి అలాగే ఉంది, ఉద్యోగం సంగతి నాకింకా భయమే. సమ్మయ్యన్నా, గట్టి రోలర్ కావాలంటోంది, కళా సామాన్ల దుకాణంలో ధర చాలా చెప్పారట. ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది?

పట్టణం_సమ్మయ్య_పెయింటర్

కొనకు. స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ళ దగ్గర తీసుకున్న పాత రబ్బరు రోలర్ ఒకటి నా దగ్గర ఉంది, తొమ్మిది అంగుళాలది. పిడి కొంచెం ఊగుతుంది, బిగించి ఇస్తాను. గురువారం నీకు ఏ షిఫ్టు?

బల్లార్పూర్_రాజన్న

ఫస్ట్ షిఫ్టు. మూడింటికల్లా బయట ఉంటాను.

పట్టణం_సమ్మయ్య_పెయింటర్

నాలుగున్నరకు బస్టాండు ఎదురుగా ఉంటా. రోలర్‌ను టర్పెంటైన్‌లో నానబెట్టొద్దని చెప్పు, రబ్బరు ఉబ్బుతుంది. పని అవగానే తుడిచి, సబ్బుతో కడిగి, పిడికి తాడు కట్టి వేలాడదీయాలి. నేల మీద పెడితే ఒక పక్క చదునైపోతుంది.